పొరుగూరి మాట లెక్క: తెలుగు మాండలిక పటంలో అన్నవరం స్థానం

ప్రవేశిక

తూర్పు కనుమల పాదాల దగ్గర, పంపానది ఒడ్డున, రత్నగిరి కింద ఉన్న ఊరు అన్నవరం. 1891లో కొండపై వెలసిన సత్యనారాయణస్వామి ఆలయం వల్ల ఈ ఊరి పేరు తెలుగువారందరికీ తెలుసు. భాషాపరిశోధకునికి మాత్రం ఈ ఊరు మరొక కారణంగా ముఖ్యమైనది. అన్నవరానికి ఈశాన్యంగా సుమారు 18 కిలోమీటర్ల దూరంలో తుని ఉంది. తుని దాటగానే తాండవ నది, ఆ నది ఆవలి ఒడ్డున పాయకరావుపేట. 2022 వరకు తుని చిరకాలంగా గోదావరి జిల్లాలో, పాయకరావుపేట విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఒక వంతెనకు రెండు కొసల ఉన్న ఈ రెండు పట్టణాల నడుమనే, తెలుగు మాండలికాల ప్రసిద్ధ విభజన ప్రకారం, మధ్య మండలం ముగిసి పూర్వ మండలం మొదలవుతుంది.

వంతెన దాటితే మాట నిజంగా మారుతుందా? మారితే ఎన్ని మాటలు మారుతాయి? మారకపోతే ఆ గీత అక్కడ ఎందుకు ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే ఒక్కొక్క ఊరిని పటంమీద ఒక బిందువుగా, ఆ ఊరు వాడే పదాన్ని ఆ బిందువుకు చెందిన వర్గంగా భావించి, ప్రతి బిందువుకూ దాపున ఉన్న బిందువులు ఏ వర్గానికి చెందినవో లెక్కించాలి. స్థలసంబంధమైన గణాంకశాస్త్రంలో ఈ పద్ధతి ఇరవయ్యో శతాబ్ది నడుమ రూపుదిద్దుకొంది. దాదాపు అదే కాలంలో తెలుగు మాండలిక పరిశోధన ఊరూరా పదాలు సేకరించే దశకు చేరింది. ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించడం, వాటి వెలుగులో అన్నవరం వంటి అంచు ఊళ్ళకు మాండలిక పటంలో దక్కవలసిన స్థానాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదానికి ఊరు తోడైన వైనం

పదానికి అర్థం చెప్పే సంప్రదాయం తెలుగులో పాతది. పదానికి ఊరు చెప్పే సంప్రదాయం మాత్రం ఇటీవలిది. లాక్షణికులు గ్రామ్యమన్నదానిని ఒక మూటగా కట్టి పక్కన పెట్టారే గాని, అది ఏ గ్రామపు గ్రామ్యమో విచారించలేదు. సి.పి. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువును వెలువరించి, కచేరీలలోను వ్యవహారంలోను నలిగిన పదాలకు గౌరవం కల్పించాడు. అయినా ఆయన దృష్టి పదం ఏ భాషనుంచి వచ్చిందన్నదానిమీద ఎక్కువగా నిలిచింది. పదం ఎంత మేర వ్యాపించిందన్నది అప్పటికి ప్రశ్న కాలేదు.

గ్రియర్సన్ నాయకత్వంలో సాగిన భారతీయ భాషా పర్యవేక్షణ మొదటిసారిగా భాషను పటంమీదికి ఎక్కించింది. ముండా, ద్రావిడ భాషలకు కేటాయించిన నాలుగో సంపుటం 1906లో వెలువడింది. అయితే ఆ పర్యవేక్షణ పరిధిలోకి మద్రాసు రాజధాని గాని, హైదరాబాదు, మైసూరు సంస్థానాలు గాని రాలేదు. అంటే తెలుగు మాట్లాడే ప్రధాన భూభాగమంతా ఆ లెక్కకు వెలుపలే ఉండిపోయింది. అందులో తెలుగు ఉపభాషలుగా కనిపించే కామాఠీ, దాసరి, వడరి, గోలరి వంటివి తెలుగునేల దాటి బతుకుతెరువు కోసం తరలిన జనాల మాటలు. చెట్టును చూడకుండా దూరాన రాలిన ఆకులను లెక్కపెట్టినట్లుగా ఆ సంపుటంలో తెలుగు స్థితి ఉంది.

ఈ లోటు 1957లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆధ్వర్యంలో తీరింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వెలువడింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. పండితుని వద్దకు గాక రైతు వద్దకు, సాలెవాని వద్దకు వెళ్ళి, పనిముట్టును చూపి దాని పేరు అడిగి రాసుకొన్న పని ఇది. పదం పక్కన అది వినిపించే ప్రాంతం చేరడంతో నిఘంటువు ఒక పటానికి ముడిసరుకైంది. వ్యవసాయ పదాల ఆధారంగా కృష్ణమూర్తి తెలుగునేలను నాలుగు మండలాలుగా విభజించారు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలు పూర్వ మండలం. తూర్పు, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాలు మధ్య మండలం. రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిసి దక్షిణ మండలం. తెలంగాణ జిల్లాలు ఉత్తర మండలం. నేటికీ పాఠ్యగ్రంథాలలో, పోటీపరీక్షలలో వినిపించే విభజన ఇదే.

గీతలు, వాటి స్వభావం

ఒక పదం వినిపించే ఊళ్ళను, అదే అర్థంలో వేరొక పదం వినిపించే ఊళ్ళనుంచి వేరుచేస్తూ గీసే రేఖను భాషాశాస్త్రజ్ఞులు ఐసోగ్లాస్ అంటారు. తెలుగులో దీనిని సమభాషాంశ రేఖ అనవచ్చు. ఈ రేఖలు ఒకచోట గుత్తిగా కలిస్తే అక్కడ మాండలికపు హద్దు ఉందని చెప్పడం పరిపాటి.

ఈ భావన పుట్టిన జర్మనీలోనే దానికి మొదటి ఎదురుదెబ్బ తగిలింది. గేయార్గ్ వెంకర్ 1876లో రైన్ నదీ ప్రాంతపు బడిపంతుళ్ళకు వాక్యాలు పంపి, వాటిని తమ ఊరి మాటలో రాసి పంపమన్నాడు. ఉత్తర దక్షిణ జర్మన్ మాండలికాల నడుమ ఒక స్పష్టమైన గీత దొరుకుతుందన్నది ఆనాటి ఆశ. తూర్పున దగ్గరదగ్గరగా సాగిన రేఖలు రైన్ నదిని చేరేసరికి విసనకర్ర పుల్లల్లా విడిపోయాయి. ఒక మాటకు హద్దు ఒకచోట ఉంటే, అదే ధ్వనిమార్పు జరిగిన మరొక మాటకు హద్దు మరొకచోట ఉంది. ఫ్రాన్సులో జూల్ జీలియరాన్ తరఫున ఎడ్మోం ఎడ్మోన్ 1897 నుంచి 1901 వరకు తిరిగి 639 ఊళ్ళలో పదాలు సేకరించాడు. 1902 నుంచి 1910 వరకు వెలువడిన ఆ ఫ్రెంచి భాషాపటం ప్రతి పదానికీ దాని సొంత చరిత్ర ఉందన్న అభిప్రాయానికి బలం చేకూర్చింది.

తెలుగు పదాలు కూడా ఈ సత్యాన్నే చాటుతాయి. కోస్తాలో నాగలి అన్నదానిని రాయలసీమలో చాలాచోట్ల మడక అంటారు. వేరుశనగను తెలంగాణలో పల్లీ అనీ, దక్షిణాన కొన్నిచోట్ల శెనక్కాయలు అనీ, మరికొన్నిచోట్ల బుడ్డలు అనీ అంటారు. చిలగడదుంప తెలంగాణలో కందగడ్డ, సీమలో గెనుసుగడ్డ. నాగలి పటంలో ఒకే ముద్దగా కనిపించే దక్షిణం వేరుశనగ పటంలో రెండుగా చీలుతుంది. దీనికి కారణం వెతకడం కష్టం కాదు. నాగలి అనాది పనిముట్టు. వేరుశనగ, చిలగడదుంప అమెరికా ఖండాలనుంచి ఇటీవలి శతాబ్దాలలో వచ్చిన పంటలు. కొత్త వస్తువుకు ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం తన చేతిలోని పాత మాటలతో పేరు అల్లుకొంది. కనుక పాత పనిముట్ల పటం ఒక కాలపు పొరుగుసంబంధాలను చూపితే, కొత్త పంటల పటం మరొక కాలపు సంబంధాలను చూపుతుంది.

ధ్వనిమార్పులు కూడా ఒక పదంనుంచి మరొక పదానికి శతాబ్దాలపాటు మెల్లగా పాకుతాయని కృష్ణమూర్తి స్వయంగా 1978లో లాంగ్వేజ్ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో ద్రావిడభాషల ఆధారంతో నిరూపించారు. నాలుగు మండలాల కర్తయే మాట ఒక్కుమ్మడిగా హద్దు దాటదని చెప్పారన్నది గమనించదగిన విషయం. మండలాలను జిల్లాల పేర్లతో చెప్పడం సంగ్రహంగా చెప్పే సౌకర్యం. ఆ సౌకర్యాన్ని తరువాతివారు శాసనంగా తీసుకొన్నారు.

జిల్లాను కొలబద్దగా తీసుకొంటే కలిగే చిక్కుకు ప్రకాశం జిల్లా చక్కని సాక్ష్యం. 1962లో ఆ జిల్లా లేదు. 1970లో గుంటూరు జిల్లానుంచి ఒంగోలు ప్రాంతాన్ని, నెల్లూరు జిల్లానుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలను, కర్నూలు జిల్లానుంచి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కలిపి దానిని ఏర్పరచారు. పాత విభజన ప్రకారం ఇందులో కొంత మధ్య మండలం, కొంత దక్షిణ మండలం. జిల్లాను మొత్తంగా ఏ మండలంలో చేర్చినా కొన్ని ఊళ్ళ మాట రాత్రికి రాత్రి మండలం మారినట్లవుతుంది. కృష్ణమూర్తి పుట్టిన ఒంగోలుకే ఈ గతి పట్టడం యాదృచ్ఛికమైనా, ఆలోచింపజేసేది.

పొరుగును లెక్కించే పద్ధతి

గీత గీయడానికి ముందు, అసలు గీతకు ఆస్కారం ఉందో లేదో తేల్చే పద్ధతి ఒకటి కావాలి. ఆ పద్ధతికి పునాది 1948, 1949 సంవత్సరాలలో పడింది. పి.ఎ.పి. మొరాన్ 1948లో గణాంక పటాలను అన్వయించే తీరుపై వ్యాసం ప్రకటించాడు. భారతీయ గణాంకవేత్త పి.వి. కృష్ణ అయ్యర్ 1949లో బయోమెట్రికా పత్రికలో, గడులుగా అమర్చిన బిందువులలో ఒకే వర్గానికి చెందిన పొరుగుజతలు ఎన్ని రావచ్చో లెక్కగట్టే సూత్రాలను అందించాడు. దీనిని జతల లెక్క అనవచ్చు.

ఈ లెక్కను ఒక కల్పిత ఉదాహరణతో వివరించవచ్చు. నాలుగు వరుసలు, నాలుగు నిలువులుగా 16 ఊళ్ళు ఉన్నాయనుకొందాం. పక్కపక్కన, పైనా కిందా ఉన్న ఊళ్ళే పొరుగు ఊళ్ళనుకొంటే మొత్తం పొరుగుజతలు 24. ఒక వస్తువును 8 ఊళ్ళు ఒక మాటతోను, 8 ఊళ్ళు మరొక మాటతోను పిలుస్తాయి. మాటలు ఏ క్రమమూ లేకుండా చల్లినట్లు ఉంటే, వేర్వేరు మాటలున్న పొరుగుజతలు సగటున 12.8 వస్తాయి. ఎడమ రెండు నిలువులు ఒక మాటవీ, కుడి రెండు నిలువులు మరొక మాటవీ అయితే వేర్వేరు మాటల జతలు 4 మాత్రమే. చదరంగపు బల్లలా మాటలు ఒకటి విడిచి ఒకటి ఉంటే 24 జతలూ వేర్వేరే. కనుక వచ్చిన సంఖ్య 12.8 కంటే బాగా తక్కువైతే మాట పొరుగునుంచి పొరుగుకు వ్యాపించిందనీ, హద్దుకు ఆస్కారం ఉందనీ చెప్పవచ్చు. ఆ సంఖ్యకు దాపుగా ఉంటే, కంటికి కనిపించిన గీత భ్రమ కావచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎడమ కొస నిలువు పూర్తిగా మొదటి మాటది, కుడి కొస నిలువు పూర్తిగా రెండో మాటది అయి, నడిమి రెండు నిలువులలో మాటలు ఒకటి విడిచి ఒకటిగా కలిసిపోతే, వేర్వేరు మాటల జతలు 14 వస్తాయి. సంఖ్యను మాత్రమే చూసినవాడు ఇక్కడ క్రమమే లేదంటాడు. నిజానికి రెండు కొసలలోను మాట స్థిరంగా ఉంది. కలగలుపు నడుమనే ఉంది. అందుచేత మొత్తం లెక్క ఒక్కటే చాలదు. ఒక్కొక్క ఊరికీ తన పొరుగులలో తనవంటివి ఎన్ని, తనకు భిన్నమైనవి ఎన్ని అని విడివిడిగా లెక్కించాలి. పైన చెప్పిన అమరికలో నడిమి నిలువులోని ఒక ఊరికి నలుగురు పొరుగువారూ వేరే మాటవారే కావచ్చు. కొస నిలువులోని ఊరికి ఎక్కువమంది పొరుగువారు తన మాటవారే. హద్దు అన్నది గీత కాదనీ, వెడల్పు గల పట్టీ అనీ ఈ లెక్క చూపుతుంది.

1961లో కెనడా జీవావరణ శాస్త్రవేత్త ఇ.సి. పీలూ ఇదే ప్రశ్నను మరొక వైపునుంచి చూసింది. రెండు జాతుల మొక్కలు కలిసి పెరిగేచోట ప్రతి మొక్కకూ అతి దగ్గరి మొక్క ఏ జాతిదో చూసి పట్టికలో నమోదు చేసింది. ఈ పట్టికలో ఒక సూక్ష్మం ఉంది. ఒక మొక్కకు మరొకటి అతి దగ్గరి పొరుగు అయినంత మాత్రాన, ఆ రెండోదానికి మొదటిది అతి దగ్గరి పొరుగు కానక్కర లేదు. పొరుగుతనం పరస్పరం కాదు. ఒక వర్గం తన పొరుగున మరొక వర్గాన్ని ఎక్కువగా చూస్తూ ఉండగా, ఆ రెండో వర్గం మాత్రం తనవారినే చూస్తూ ఉండవచ్చు. ఫ్రాన్సులో జాఁ సెగీ 1970వ దశకపు ఆరంభంలో ఊళ్ళ నడుమ దూరానికీ పదభేదాల సంఖ్యకూ గల సంబంధాన్ని కొలిచాడు. దానితో మాండలికాలను కొలిచే శాఖ ఒకటి ఏర్పడింది. మొక్కల పొరుగునుంచి మాటల పొరుగుకు దారి అలా తెరుచుకొంది.

అన్నవరం దగ్గరి పొరుగు

ఈ వెలుగులో అన్నవరాన్ని చూస్తే మొదట కనిపించేది పీలూ చెప్పిన అసమానతే. అన్నవరానికి దగ్గరి పట్టణం తుని. తునికి అతి దగ్గరి పట్టణం మాత్రం అన్నవరం కాదు, నది ఆవలి పాయకరావుపేట. అన్నవరం తునివైపు చూస్తే తుని విశాఖవైపు చూస్తుంది. మధ్య మండలపు అంచున ఉన్న పట్టణానికి అతి దగ్గరి పొరుగు మరొక మండలంలో ఉంది. జిల్లాల పేర్లతో చేసిన విభజనలో ఈ సంగతి కనిపించదు. పొరుగును లెక్కిస్తే మొదటి పట్టికలోనే కనిపిస్తుంది.

రెండవది నేల స్వభావం. అన్నవరం పాలనాపరంగా 2022 వరకు గోదావరి జిల్లాలోనిదే అయినా, గోదావరి కాలవలు పారే పల్లపు డెల్టా కాదు. అది కొండల కింది మెట్ట. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టా సేద్యం కాలవలమీద ఆధారపడింది. దానితోపాటు లాకులు, లస్కర్లు వంటి మాటలు రైతు నోట స్థిరపడ్డాయి. లంక అన్న మాట డెల్టావాసికి నది నడుమ పండే భూమి. కాలవ చేరని మెట్ట ఊళ్ళలో ఆ పనిముట్లకు, ఆ ఉద్యోగులకు పని లేదు. అటువంటి ఊరికి సేద్యం విషయంలో దగ్గరి బంధువు దక్షిణాన ఉన్న డెల్టా ఊరు కాక, ఈశాన్యంగా కొండల వెంబడి సాగే విశాఖ మెట్ట కావచ్చు.

ఇక్కడ పరిశోధకుడు ఒక పొరపాటుకు లోనయ్యే ప్రమాదం ఉంది. ఒక ఊళ్ళో వస్తువు ఉండి దానికి వేరే పేరుండడం ఒకటి, వస్తువే లేకపోవడం మరొకటి. లాకు లేని ఊళ్ళో లాకు అన్న మాట వినిపించకపోవడం మాండలికభేదం కాదు. జవాబు లేని బిందువును భిన్నమైన బిందువుగా లెక్కగడితే మెట్టకూ పల్లానికీ నడుమ లేని గీత లేస్తుంది. అలాగని ఆ ఖాళీలను పూర్తిగా విస్మరిస్తే జీవనభేదం మరుగున పడుతుంది. ఖాళీ బిందువులను మూడో వర్గంగా ఉంచి విడిగా లెక్కించడమే న్యాయం.

మూడవది అన్ని మండలాలకూ సాధారణంగా వాడే సర్వనామాలు, ప్రశ్నార్థకాలు. వృత్తిపదాలు వృత్తిని బట్టి మారుతాయి గాని, ప్రశ్నార్థకం ప్రతివాడికీ కావలసినదే. ఏమిటి అన్నదానికి తెలంగాణలోను, నెల్లూరు ప్రాంతంలోను ఏంది అనీ, కృష్ణా ప్రాంతంలో ఏంటి అనీ వినిపిస్తుంది. ఏటి అన్న రూపం ఉత్తరాంధ్రకు గుర్తుగా పేరుపడినా, తూర్పు గోదావరి పల్లెలలో ఏటండీ అన్న పలకరింపుగా అదే రూపం వినిపిస్తుంది. క్రియకూ ప్రశ్నకూ చివర అండీ చేర్చే గోదావరి మర్యాద, ఉత్తరాంధ్ర ప్రశ్నార్థకం ఒకే మాటలో కలిసిన రూపమది. ఈ ఒక్క మాటను ఏ మండలంలో వేయాలి? అండీని చూసి మధ్య మండలమంటే ఏటి పోతుంది. ఏటిని చూసి పూర్వ మండలమంటే అండీ పోతుంది.

నాలుగవది పాలనా సరిహద్దుల చంచలత్వం. 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను పునర్విభజించి గోదావరి, కృష్ణా జిల్లాలుగా చేశారు. 1925లో గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. 2022 ఏప్రిల్ 4న అన్నవరం కొత్త కాకినాడ జిల్లాలోకి, పాయకరావుపేట అనకాపల్లి జిల్లాలోకి చేరాయి. ఈ మార్పులలో ఏదీ అన్నవరం సంతలో బేరమాడే మనిషి మాటను మార్చలేదు. మాండలిక విభజనకు జిల్లా ఆధారమైతే మాత్రం పాఠ్యగ్రంథాలను ప్రతిసారీ తిరగరాయవలసి ఉంటుంది.

లెక్కకు ఉన్న హద్దులు

పొరుగు లెక్క నిర్దుష్టమని చెప్పడం ఈ వ్యాసం అభిమతం కాదు. మొదట, పొరుగు అంటే ఎవరన్నది పరిశోధకుడు నిర్ణయించవలసిన విషయం. కాకి ఎగిరే దూరం ఒకటి, బండి నడిచే దూరం ఒకటి. కొండ అడ్డమైతే కంటికి కనిపించే ఊరు కూడా దూరమే. 1890వ దశకంలో రైలుమార్గం వచ్చాక అన్నవరానికి తుని, సామర్లకోట దగ్గరయ్యాయి గాని, కొండ వెనుక పల్లెలు దగ్గర కాలేదు. సంతకు ఎవరు వస్తారు, పిల్లనిచ్చి పుచ్చుకొనేది ఏ ఊళ్ళతో అన్నవి మాటకు సంబంధించినంతవరకు నిజమైన దూరాలు. పొరుగును మార్చి లెక్కిస్తే ఫలితం మారుతుంది. కనుక ఒకే సమాచారాన్ని రెండు మూడు రకాల పొరుగులతో లెక్కించి, వాటన్నిటిలోను నిలిచిన హద్దునే హద్దుగా చెప్పాలి.

రెండవది, ఒక ఊరికి ఒకే మాట ఉంటుందన్న భావన. కులాన్ని బట్టి, చదువును బట్టి, వయసును బట్టి ఒకే ఊళ్ళో రెండు మూడు మాటలు ఉంటాయి. యాత్రాస్థలమైన అన్నవరంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. వ్రతాలకు వచ్చేవారిలో శ్రీకాకుళంవారూ, గుంటూరువారూ, తెలంగాణవారూ ఉంటారు. వారితో రోజూ మాట్లాడే అంగడివాడు వారివారి మాటకు తగ్గట్టు తన మాటను సర్దుకొంటాడు. అటువంటి ఊళ్ళో కొండకింది అంగడివానిని అడిగిన జవాబుకూ, శంఖవరం వైపు పొలంలో రైతును అడిగిన జవాబుకూ ఒకే విలువ ఇవ్వరాదు. వృత్తిపదకోశం వృత్తివారినే అడగాలని నియమం పెట్టుకోవడంలోని ఔచిత్యం ఇక్కడ స్పష్టమవుతుంది.

మూడవది పటం అంచు. పటం ముగిసేచోట ఉన్న ఊరికి పొరుగువారు తక్కువగా కనిపిస్తారు. వారు లేక కాదు, పటంలో లేక. భాషా పర్యవేక్షణ తెలుగు నడిబొడ్డును విడిచి వెలుపలి జనాలను లెక్కించింది. వృత్తిపదకోశం రాష్ట్రం లోపలి ఊళ్ళను లెక్కించి వెలుపలి తెలుగును విడిచింది. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది. అక్కడి తెలుగును శ్రీకాకుళానికి పొరుగుగా లెక్కించకపోతే పూర్వ మండలం గాలిలో తెగినట్లు కనిపిస్తుంది. బళ్ళారి, హోసూరు తెలుగుకూ ఈ న్యాయమే వర్తిస్తుంది.

ముగింపు

మాండలిక విభజన పటానికి, పరీక్షపత్రానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆధునిక ప్రామాణిక తెలుగుకు మధ్య మండలపు విద్యావంతుల వాడుక ఆధారమైంది. అందువల్ల మధ్య మండలంలో చేర్చిన ఊరి మాట ప్రత్యేకంగా సేకరించనక్కర లేదనీ, అది ఎలాగూ పత్రికలో, పుస్తకంలో ఉందనీ ఒక భావన ఏర్పడుతుంది. పూర్వ మండలం మాటకు ప్రత్యేక మాండలికంగా గుర్తింపు, దానితో వచ్చిన సాహిత్యగౌరవం దక్కాయి. అంచున ఉన్న మెట్ట ఊరికి ఈ రెండూ దక్కలేదు. ప్రామాణికంలో దాని మాట లేదు. మాండలికంగా దానిని ఎవరూ అడగలేదు. పటంలో సరైన రంగు పడకపోవడం వల్ల ఒక ఊరి మాట నిఘంటువుకు ఎక్కకుండానే ముసలివారితో పాటు వెళ్ళిపోతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి తరం చేసిన పని విలువను ఈ పరిశీలన తగ్గించదు. ఊరూరా తిరిగి పదాన్ని, ఆ పదం ఉన్నచోటును కలిపి రాసుకొన్నందువల్లనే నేడు పొరుగును లెక్కించే అవకాశం కలిగింది. నాలుగు మండలాలు ఆ సమాచారానికి తొలి సంగ్రహం మాత్రమే. ఆ సమాచారాన్ని ఊరివారీగా తిరిగి విప్పి, ప్రతి బిందువుకూ దాని పొరుగును లెక్కించి, తాండవ నదికి ఇరువైపులా కొత్తగా సేకరణ జరిపితే, మధ్య మండలానికీ పూర్వ మండలానికీ నడుమ ఎంత వెడల్పు పట్టీ ఉందో, అందులో ఏ ఊళ్ళు ఏ మాటకు ఎటు మొగ్గుతాయో తేలుతుంది. అప్పుడు అన్నవరం మధ్య మండలపు చివరి ఊరుగానో, పూర్వ మండలపు మొదటి ఊరుగానో మిగలక, రెండు వైపులా పొరుగున్న ఊరుగా నిఘంటువులో తన పేరుతో తాను కనిపిస్తుంది.